ఆకుపచ్చ టిక్కు

మా ట్రావెల్స్ లెడ్జరులో 112వ పేజీ మీద ఇప్పటికీ ఓ ఆకుపచ్చ టిక్కు ఉంది. 2016 చలికాలంలో సర్వీస్ టాక్స్ ఆడిట్‌కి వచ్చిన అధికారి పెట్టిందే. మూడు రోజులు మా ఆఫీసులో కూర్చుని ప్రతి పద్దూ చూశారు. రెండు తప్పులు పట్టుకున్నారు. వడ్డీతో కట్టేశాం. రిపోర్టు కూడా చేతికొచ్చింది.

2020లో షోకాజ్ నోటీసు వచ్చింది. అదే 112వ పేజీలోని ఆదాయాన్ని మేం కావాలని దాచిపెట్టామట!

ముందు కోపమొచ్చింది. సర్వీస్ టాక్స్ నోటీసుల గడువు చెప్పే సెక్షన్ 73 చదివాక శాఖ మీద భక్తి కలిగింది. మామూలు పొరపాటుకు నోటీసివ్వాలంటే గడువు ఒకప్పుడు ఏడాది. 2012లో 18 నెలలు చేశారు, 2016లో 30 నెలలు. మోసమో దాపరికమో అయితే ఐదేళ్లు. అంటే రిటర్ను వేసిన 30వ నెల ఆఖరి రాత్రి దాకా నేను లెక్క తప్పిన అమాయకుణ్ని. తెల్లారేసరికి దగాకోరుని. పన్నుకు సమానంగా పెనాల్టీ కట్టాల్సినంత ఘనకార్యం నిద్రలోనే చేశానన్నమాట.

కస్టమర్ల దగ్గర పన్ను వసూలు చేసి జేబులో వేసుకున్నవాళ్లు లేకపోలేదు. వాళ్లకు గడువు పదేళ్లు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. నా సిగ్గల్లా దాచడం చేతకానందుకు. ఎక్కడ దాచానయ్యా అంటే బ్యాలెన్స్ షీటులో, ఆపైన వాళ్ల బీరువాలోనే!

సంగతులన్నీ తెలిసి ఒకసారి నోటీసిచ్చాక, అవే సంగతుల మీద మళ్లీ నోటీసిచ్చి ‘దాచారు’ అనకూడదని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది, మన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కేసులో. కానీ అది చక్కెర, ఎక్సైజు. మావి కార్లు. పైగా మాకిది మొదటి నోటీసే.

చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చేదంటారు. సర్వీస్ టాక్స్ 2017 జూలై 1న జీఎస్‌టీలో కలిసి పోయింది. మూడేళ్ల తర్వాత కూడా చెంబు పట్టుకుని దాని కిందే కూర్చున్నారు.

హియరింగుకి లెడ్జరు మోసుకెళ్లాను. కొత్త అధికారి, మంచివారే. కళ్లజోడు సర్దుకుని చూశారు.

“ఈ టిక్కు ఎవరు పెట్టారు?”

“మీవాళ్లే సార్.”

“పక్కన సంతకం లేదే?”

ఆలోచించి, వాయిదా వేసి, తాను పేజీ చూసినట్టు గుర్తుగా ఎర్ర ఇంకుతో ఇంకో టిక్కు పెట్టారు. పక్కన సంతకం కూడా చేయండి సార్ అన్నాను. పెన్ను మూత పెట్టేసుకున్నారు.