అటక దిగిన సర్వర్ గారు

తెలుగింట్లో యంత్రానికి చావు లేదు. మిక్సీ కాలిపోయినా జార్లు మిగులుతాయి, డబ్బా టీవీ పోయినా దాని స్టాండు మీద దేవుడి పటాలు వెలుస్తాయి. కంప్యూటరు మర్యాద ఇంకా పెద్దది. అబ్బాయి ఇంజినీరింగులో చేరినప్పుడు ముప్పై ఐదు వేలు పోసి కొన్న వస్తువుకు పాత సామాన్లవాడు ఎనిమిది వందలు ఇస్తాననగానే ఇంటి యజమానికి పౌరుషం పొడుచుకొస్తుంది. డబ్బా మళ్లీ అటకెక్కుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 చూస్తే ఎనిమిదో తరానికి ముందటి ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపుగా గడప తొక్కనివ్వదు. అటకల మీద రద్దీ మరీ పెరిగింది. ఈ నిరుద్యోగ సమస్యకు పరిష్కారంగా ఇంట్లోని సినిమాలు, ఫోటోలు దాచి టీవీకీ ఫోన్లకూ వడ్డించే మీడియా సర్వర్‌ను ఇంటింటా నెలకొల్పాలన్న ఉద్యమాన్ని మనస్ఫూర్తిగా బలపరచాల్సిందే, ఖర్చుల సంగతి ఎవరూ ఎత్తనంతవరకు.

ఎత్తక తప్పదు. ఉద్యమకారుల మొదటి నినాదం "ఊరికే పడున్నదే కదా". నిజమే, పడున్నంతసేపూ ఊరికే. ప్లగ్గు పెట్టాక పాత డెస్క్‌టాప్ ఏ పనీ చేయకుండానే 60 వాట్ల దాకా తాగుతుంది. రోజుకు 24 గంటలు, నెలకు 30 రోజులు, వెరసి 43 యూనిట్లు. ఇవి ఇంటి వాడకం నెత్తిన వచ్చి కూర్చునే యూనిట్లు కాబట్టి పడేది పై స్లాబులోనే. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా నెలకు సుమారు 260, ఏడాదికి మూడు వేల పైచిలుకు. తెలంగాణలో గృహజ్యోతి జీరో బిల్లు అందుకుంటున్న ఇంట్లో కథ ఇంకా రసవత్తరం. నెలకు 170 యూనిట్లతో సుఖంగా ఉన్న సంసారాన్ని సర్వర్ గారు 213కి చేర్చి, 200 యూనిట్ల ఉచిత గీత దాటించి, ఉచితానికే నీళ్లొదిలిస్తారు. ఓటీటీ చందా దండగని మొదలుపెట్టిన పొదుపు ఇది.

అటక మీద లాప్‌టాప్ కూడా ఉంటే దాన్ని దించడమే తెలివి. ఖాళీగా ఉన్నప్పుడు 10, 15 వాట్లతో సరిపెట్టుకుంటుంది, బ్యాటరీలో ప్రాణముంటే వేరే యూపీఎస్ కూడా అక్కర్లేదు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెడుతుంటే మాత్రం ముందు దాన్ని పీకేయాలి. మూత వేయగానే నిద్రపోయే అలవాటు మాన్పించడానికి విండోస్ బదులు వేసే ఉచిత లినక్స్‌లో లాగిన్‌డీ సెట్టింగుల్లోకెళ్లి లిడ్ స్విచ్‌ను 'ఇగ్నోర్' అని మార్చాలి. అయినా ఈ సలహా ఎవరూ వినరు. డబ్బా పెద్దదైతే తప్ప చుట్టాలు దాన్ని సర్వర్ అని ఒప్పుకోరు.

సరే, డెస్క్‌టాపే. ముందు డబ్బా విప్పండి. ఎప్పుడో కార్డు తీసేసిన వెనక సందు తెరిచే ఉంటుంది, బల్లులకు అదే సింహద్వారం. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు ఈపాటికి సున్నం అయి ఉంటుంది, గీకి తుడిచి కొత్తది పెసరగింజంత పెడితే చాలు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు సమంగా ఉన్నాయో లేదో చూడండి. ఉబ్బి ఉంటే ఉద్యమం అక్కడితో సమాప్తం, పాత సామాన్లవాడు మళ్లీ ఎప్పుడొస్తాడో కనుక్కోండి.

అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. అది చచ్చిపోతే కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ని నిద్ర లేపే ప్రోగ్రాం బయోస్ తన సెట్టింగులన్నీ మరిచిపోయి, 'ఎఫ్1 నొక్కండి' అని నల్లటి తెర మీద రాసి, నొక్కేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఆ సర్వర్‌కి మానిటరూ లేదు, కీబోర్డూ లేదు. ఎవరు చూస్తారు, ఎవరు నొక్కుతారు? ఇంట్లోవాళ్లు "నీ సర్వర్ పోయింది" అంటారు, ఆ గొంతులో విచారం వెతకొద్దు. యాభై రూపాయల లోపు బిళ్ల మార్చి, బయోస్‌లో మూడు పనులు చేయాలి. 'హాల్ట్ ఆన్' దగ్గర 'నో ఎర్రర్స్' పెట్టాలి. కరెంటు రాగానే తనంతట తానే లేచేలా 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' దగ్గర 'పవర్ ఆన్' ఎంచాలి. డిస్కులు తగిలే సాటా పోర్టుల మోడ్ పాతకాలపు ఐడీఈలో ఉంటే కొత్తదైన ఏహెచ్‌సీఐకి మార్చాలి.

ఇక డబ్బాలో కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్. స్టిక్కరు మీద 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని ఎన్నికల మేనిఫెస్టోని చదివినంత గౌరవంగా చదివి పక్కన పెట్టండి. పెద్ద డిస్కు తిరుగుతున్నప్పుడు ఐదారు వాట్లే తీసుకున్నా, లేచి వేగం అందుకునే ఆ కొన్ని సెకన్లు 12 వోల్టుల మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగు డిస్కులు ఒకేసారి లేస్తే అదే వంద వాట్లు. ముసలి ఎస్‌ఎంపీఎస్ ఆ క్షణంలో చేతులెత్తేస్తుంది. డిస్కు టిక్కుమని ఆగిపోతుంది, యజమాని డిస్కునే తిట్టి కొత్తది కొంటాడు, అదీ టిక్కుమంటుంది. సాటా పవర్ వైర్లు చాల్లేదని పాత మోలెక్స్ పిన్నుకి తగిలించే కన్వర్టర్లు దొరుకుతాయి. వాటిలో ప్లాస్టిక్ ఒకే ముద్దగా పోతపోసిన రకం లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోతాయి. వైర్లు విడివిడిగా గుచ్చి బిగించిన రకమే తీసుకోవాలి.

డిస్కు దగ్గరే భక్తి పరాకాష్ఠకు చేరుతుంది. కొత్త 4 టీబీ డిస్కు పది వేల పైమాటే కాబట్టి, ఉచిత సర్వర్ యజమాని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ వెతుక్కుంటాడు. తప్పులేదు, జాతకం చూసి తెచ్చుకోవాలి. 'స్మార్ట్‌సీటీఎల్' ఆదేశం ఇస్తే డిస్కు తన చరిత్రంతా కక్కుతుంది. 9 అన్న నంబరున్న వరుస అది తిరిగిన గంటలు. అక్కడ 43,800 కనబడితే ఐదేళ్లు రాత్రీపగలూ ఎక్కడో సీసీటీవీకి ఊడిగం చేసి వచ్చిందని అర్థం. 5, 197, 198 నంబర్ల వరుసలు చెడిన, చెడబోతున్న చోట్ల లెక్కలు, వాటిలో సున్నా తప్ప ఏ అంకె ఉన్నా దండం పెట్టి వచ్చేయండి. 199 పెరుగుతుంటే మాత్రం చాలావరకు డిస్కుది కాదు తప్పు, సాటా కేబుల్‌ది, నూరు రూపాయల వైరు మారిస్తే పెరగడం ఆగుతుంది. గంటల అంకెను సున్నాకు తిప్పి అమ్మే కళాకారులూ ఉన్నారు కాబట్టి, డబ్బులిచ్చే ముందు డిస్కంతా చదివి చూసే లాంగ్ టెస్టు పెట్టించడం న్యాయం. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది. దుకాణదారు ఒప్పుకుంటాడని కాదు, అడిగినప్పుడు అతని ముఖం చూసి కొంత తెలుస్తుంది.

కొత్తదైనా రకం చూడాలి. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. నడుమ ఒక పెంకు మార్చాలంటే చుట్టుపక్కలవీ ఎత్తాలి. సినిమా ఒకసారి రాసి వందసార్లు చూడటానికి అది బాగానే పనికొస్తుంది. ఒక డిస్కు పోయినా సరుకు మిగిలేలా కొన్నిటిని కలిపి కట్టే రెయిడ్‌లో ఒక డిస్కు పోయి కొత్తదాన్ని నింపాల్సి వచ్చినప్పుడే గంటల పని రోజులకు సాగి, మధ్యలో డిస్కు జవాబివ్వడం లేదని వ్యవస్థ దాన్ని వెలివేస్తుంది. 2 నుంచి 6 టీబీ దాకా తమ రెడ్ డిస్కుల్లో కొన్ని ఈ రకమేనని వెస్ట్రన్ డిజిటల్ 2020 ఏప్రిల్‌లో గానీ ఒప్పుకోలేదు. నాస్‌ల కోసమే, అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టెల కోసమే, అని పేరు పెట్టి అమ్మిన డిస్కులవి. కొనే ముందు, ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కని సీఎంఆర్ రకం అని స్పెసిఫికేషన్ కాగితంలో కళ్లారా చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ దగ్గర పెద్ద తంటా లేదు. 4 జీబీ ర్యామ్ ఉంటే పాత డబ్బాను నాస్‌గా మార్చే ఉచిత సిస్టమ్ ఓపెన్‌మీడియావాల్ట్ హాయిగా నడుస్తుంది. అదే పని చేసే ట్రూనాస్ పేరు విని మోజుపడితే కనీసం 8 జీబీ పెట్టాలి. పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ప్రోగ్రాంతో ఎక్కించి బూట్ చేయాలి. సిస్టమ్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీ వేరుగా ఉండాలి, డేటా డిస్కు మీదే సిస్టమ్ వేస్తానంటే ఓపెన్‌మీడియావాల్ట్ మామూలుగా ఒప్పుకోదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్లు ఊడబీకి పెట్టండి. 'ఏ డిస్కు చెరపమంటారు' అని అది అడిగినప్పుడు సరైనదే ఎంచుతామన్న ఆత్మవిశ్వాసంతో ఎన్ని పెళ్లి వీడియోలు గంగలో కలిశాయో. మొదటి లాగిన్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఓపెన్‌మీడియావాల్ట్, అదేరోజు మార్చేయాలి.

దీన్ని ఎక్కడ ప్రతిష్ఠించాలన్న దానిపై ఇంట్లో మూడు సిద్ధాంతాలుంటాయి. వాస్తు పండితుడు ఆగ్నేయం అంటాడు. ఇల్లాలు కంటికి కనబడని చోట, అంటే మళ్లీ అటక మీదే, అంటుంది. నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడి చుట్టలో ఫైబరు ఎక్కడ అయిపోయిందో అక్కడే రౌటర్ ఉంటుంది. నెగ్గేది ఆ కుర్రాడే. అటక అసలే వద్దు, స్లాబు కిందే ఉంటుంది కాబట్టి రెంటచింతల ఎండల్లో డిస్కు 50 డిగ్రీలు దాటుతుంది. రౌటర్ పక్కనే పెట్టి క్యాట్ 5ఈ కేబుల్ వేయండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, నాలుగే తగిలితే 100 మెగాబిట్లకు పడిపోతుంది, లైటు మాత్రం నిర్దోషిలా వెలుగుతూనే ఉంటుంది. 1 టీబీ సరుకు గిగాబిట్ మీద రెండున్నర గంటల్లో ఎక్కుతుంది, 100 మీద పూర్తిగా ఒక రోజు. చాలా చవక రౌటర్లకు వెనక పోర్టులు 100వే. కొనే ముందు అదీ చూసుకోవాలి. రౌటర్‌లో సర్వర్‌కి ఐపీ అడ్రస్ రిజర్వ్ చేయడం మరవొద్దు. లేకుంటే కరెంటు పోయొచ్చాక అది కొత్త నంబరుతో లేచి, టీవీ పాత ఇంటి తలుపు తడుతూ ఉంటుంది.

సర్వర్‌లోని సినిమాలను పోస్టర్లతో సహా టీవీకి వడ్డించే ఉచిత ప్రోగ్రాం జెల్లీఫిన్ పెట్టాక ఫోల్డర్ల పేర్లకు సంవత్సరం తగిలించాలి. ఇది ఛాదస్తం కాదు. దేవదాసు 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లోనూ ఉంది. సంవత్సరం రాయకపోతే తాతగారు నాగేశ్వరరావు కోసం రిమోట్ నొక్కితే పోస్టరు మీద రామ్ నవ్వుతూ కనిపిస్తాడు. ఆ తర్వాత సర్వర్ ప్రయోజనం గురించి తాతగారితో వాదించి లాభం లేదు.

బొమ్మ పది సెకన్లకోసారి ఆగిపోతుంటే దాని పేరు ట్రాన్స్‌కోడింగ్. టీవీకి అర్థం కాని ఫైలును సర్వర్ అప్పటికప్పుడు మార్చి వడ్డించాలి. హెచ్‌ఈవీసీ పద్ధతిలో గట్టిగా కుదించిన వీడియోని చిప్‌లోనే విప్పే ఏర్పాటు ఇంటెల్‌లో ఆరో తరంతో వచ్చింది, 10 బిట్ రకానికి ఏడో తరం కావాలి. అటక దిగిన కోర్ 2 డ్యుయో నూటికి నూరు శాతం కష్టపడి, హీటర్‌లా మారి, సినిమాను సీరియల్‌గా చూపిస్తుంది. మందు సర్వర్‌లో లేదు, టీవీ వైపు ఉంది. హెచ్‌ఈవీసీ తెలిసిన టీవీ స్టిక్ ఒకటి తగిలించి జెల్లీఫిన్ యాప్ వేస్తే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, ముసలి ప్రాసెసర్ గుర్రు పెట్టుకోవచ్చు. సబ్‌టైటిళ్లు అక్షరాల రకం, అంటే ఎస్ఆర్‌టీ, అయితే ఇబ్బంది లేదు. బ్లూరేల నుంచి వచ్చే బొమ్మల రకం పెడితే చాలాసార్లు మళ్లీ మొత్తం కొత్తగా వండాల్సి వస్తుంది.

డల్లాస్ అబ్బాయి కూడా చూడాలన్నప్పుడు అంతర్జాతీయ సమస్య మొదలవుతుంది. దూరం నుంచి చూడటానికి జెల్లీఫిన్ లాంటిదే అయిన ప్లెక్స్ 2025 ఏప్రిల్ 29 నుంచి డబ్బు కట్టమంది. జెల్లీఫిన్ అడగదు గానీ మన నెట్ కంపెనీలు చాలావరకు వందల ఇళ్లకు ఒకే బయటి ఐపీ పంచుతాయి కాబట్టి, రౌటర్‌లో పోర్టు ఎంత తెరిచినా అటువైపు గోడే. రెండు యంత్రాలను నెట్ మీద గుట్టుగా కలిపే టెయిల్‌స్కేల్ ఇక్కడోటి, అక్కడోటి వేస్తే పనవుతుంది, పోర్టు తెరిచే ప్రమాదమూ తప్పుతుంది. తీరా అబ్బాయి చూసేది మొదటి వారాంతమే, అదీ నాన్న నొచ్చుకుంటాడని.

ఇంత యాగం చేసిన యజమాని రెండు డిస్కులను అద్దంలా ఒకదానికొకటి నకలుగా రెయిడ్ కట్టి, అందులో ఏం పెడతాడు? మూడు వందల సినిమాలు. ఏ ఓటీటీలో చూసినా దొరికేవి, టీవీలో ఆదివారం ఆదివారం వచ్చేవి. అమ్మమ్మ గొంతు, పాప తొలి అడుగులు ఉన్న ఫోన్ ఫోటోలు, వీడియోలు మాత్రం ఒక 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో, తాళాల గుత్తికి వేలాడుతూ. పెళ్లి క్యాసెట్టు బీరువా కింద బూజు పడుతోంది. మూడు గంటల వీహెచ్‌ఎస్ టేపును క్యాప్చర్ కార్డుతో ఎక్కించడానికి కచ్చితంగా మూడు గంటలే పడుతుంది, ఫైలు 8 జీబీ చుట్టూ వస్తుంది. అంచుల్లో తెల్లగా బూజు కనబడితే ముందు శుభ్రం చేయించాలి, లేకపోతే వీసీఆర్ హెడ్ కూడా పోతుంది. అప్పటి డీవీడీలు గీతలు పడి చదవకపోతే చెడిన చోట్లను మళ్లీ మళ్లీ ప్రయత్నించే డీడీరెస్క్యూతో ఓపిగ్గా లాగవచ్చు. సినిమాలకు ఎగబడే ఆ ఓపిక దీనికి రాదు.

రెయిడ్ బ్యాకప్ కాదన్నది ఎవరూ నమ్మరు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కులూ ఏకగ్రీవంగా చెరిపేస్తాయి. సినిమాలకు రెయిడ్ తీసేసి, కావాలంటే రోజుకోసారి స్నాప్‌రెయిడ్ అనే ప్రోగ్రాం నడపండి, పోయిన డిస్కును తిరిగి కట్టే లెక్కలు దాచే దాని పారిటీ డిస్కు మిగతావాటిలో పెద్దదానికంటే చిన్నది కాకూడదు. మిగిలిన డబ్బుతో 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు కొని, నెలకోసారి ఫోటోలు కాపీ చేసే ఆదేశం ఆర్‌సింక్‌తో దానిలోకి తోసి, తీసుకెళ్లి వియ్యాలవారింట్లో పెట్టండి. మంట, వరద, దొంగ రెండిళ్లకూ ఒకేరోజు రావు. వియ్యాలవారు మన ఫోటోలన్నీ తిరగేస్తారన్న భయముంటే లినక్స్‌లో డిస్కుకు తాళం వేసే లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు, అప్పుడు పాస్‌వర్డ్ లేనిదే బ్రహ్మ కూడా తెరవలేడు. ఆ పాస్‌వర్డ్ ఎక్కడ రాసిపెట్టారని ఇలాంటి యజమానుల్ని అడగండి. సర్వర్‌లోనే, 'ముఖ్యమైనవి' అనే ఫోల్డర్లో, అంటారు.