మహారాజశ్రీ స్టీరింగ్ ప్లే గారికి

మహారాజశ్రీ స్టీరింగ్ ప్లే గారి దివ్యసముఖానికి,

రాజాం దగ్గర, మడ్డువలస కాలువ నీళ్లు పారే ఒక ఊరి నుంచి, మా నాన్న 1991లో కొన్న ట్రాక్టర్‌ని ఇంకా తోలుతున్న కొడుకు రాసుకుంటున్నది.

ముందుగా మీరెవరో తెలియని వాళ్ల కోసం ఓ ముక్క. చక్రం తిప్పడం మొదలుపెట్టాక, ముందు టైర్లు కదిలేదాకా చేతిలో ఊరికే తిరుగుతుందే, ఆ ఖాళీయే తమరు. మెకానిక్కులు ప్లే అంటారు. అంటే ఆట. పేరు పెట్టినవాడెవడో గానీ మిమ్మల్ని బాగా ఎరిగినవాడే.

మీ వయసు చెప్పడానికి మాకు క్యాలెండర్ అక్కర్లేదు, తుఫాన్లు చాలు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు తమరు వేలెడు. 2018లో తిత్లీ నాటికి బెత్తెడు. 2022 ఏప్రిల్‌లో మా రాజాంని శ్రీకాకుళం జిల్లా నుంచి తీసి విజయనగరం జిల్లాలో కలిపేసరికి జానెడు. ఆ రోజు నాకు భలే అసూయ వేసింది. ఎవరూ ఏ చక్రమూ తిప్పకుండా, మా ఊరు కూర్చున్నచోటే కూర్చుని జిల్లా మారిపోయింది. నేను జానెడు చక్రం తిప్పినా మా ట్రాక్టర్ గొయ్యి తప్పించుకోలేకపోయింది.

జబ్బు చేసినవాడికి వైద్యం చేయిస్తారు. మేం మీకు మర్యాదలు చేశాం. మా ట్రాక్టర్ తోలే మావ చక్రాన్ని ఎప్పుడూ కుడికి కాస్త ఒత్తి పట్టుకునేవాడు, తమరు రెండువైపులా తిరక్కుండా ఒక మూల నక్కి ఉంటారని. కొత్తవాడెవడైనా తోలడానికి ఎక్కితే, పెళ్లిచూపుల్లో పిల్లకి మెల్లకన్నని చెప్పినట్టు చెవిలో చెప్పేవాళ్లం: "కొంచెం ప్లే ఉంది, చూసుకో." ఆ 'కొంచెం' వల్ల ఇద్దరు మడిలోకి దిగారు. ఒకడు మా ఊరి బోరింగు పంపుని పలకరించి వచ్చాడు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ట్రాక్టర్‌కి వెనక చక్రాలకు బ్రేకులు విడివిడిగా ఉంటాయి. మడి చివర ఇరుకులో మలుపు తిప్పాలంటే ఒకవైపు బ్రేకు తొక్కితే చాలు, బండి అటే తిరుగుతుంది. రోడ్డెక్కేటప్పుడు మాత్రం రెండు పెడళ్లకీ కలిపి కొక్కెం వేయాలి. లేకపోతే ఆత్రంలో ఒక్కదాన్నే తొక్కామా, బండి తిరగబడుతుంది. మేం ఆ కొక్కెం వేసి ఎన్నేళ్లయిందో! తమరి దయవల్ల మా ఇంట్లో స్టీరింగ్ చేతుల్లోంచి కాళ్లలోకి వచ్చేసింది. పైడితల్లమ్మ సిరిమాను ఊగుతూ వస్తే జనం దండాలు పెడతారు. మా ట్రాక్టర్ ఊగుతూ వస్తే జనం అరుగులెక్కేవారు.

చివరికి నాకే సిగ్గేసి పట్నంలో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి ఆయన సీటెక్కాడు, చక్రాన్ని రెండుసార్లు అటూ ఇటూ ఆడించాడు, కిందికి వంగి చూడకుండానే "బాక్సు పోయింది" అన్నాడు. అంటే చక్రం కాడ కింద, పళ్లుండే స్టీరింగ్ గేర్ బాక్సు. మనకి ఏ జబ్బు చేసినా ముందు సెలైన్ ఎక్కించినట్టు, అక్కడ ఏ స్టీరింగ్ రోగానికైనా ముందు బాక్సు మీద స్క్రూ బిగిస్తారు. బిగించాడు. తొంభై నంబరు ఆయిల్ పోశాడు. 2,800 తీసుకున్నాడు.

నాకు తర్వాత తెలిసిన విషయం ఏమిటంటే, బాక్సు లోపలి పళ్లు అంతటా ఒకేలా అరగవు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి మధ్యలో ఎక్కువ అరుగుతాయి, పూర్తిగా తిప్పినప్పుడు పనిచేసే చోట తక్కువ. మధ్యలో ఆట పోయేదాకా స్క్రూ బిగిస్తే, ఆ అరగని చోట పట్టేస్తుంది. మాకు అదే జరిగింది. మలుపు తిప్పాక చక్రం వెనక్కి రానంది. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడిలా అక్కడే ఉండిపోయింది. నేనే రెండు చేతులా బతిమాలి వెనక్కి తెచ్చుకోవాలి. జానెడు ఆటలో తగ్గింది రెండు వేళ్లు, భుజాలకి పెరిగింది జండూబామ్ ఖర్చు. తమరు మాత్రం కింద, ఆయన వంగి చూడని చోట, చల్లగా ఉన్నారు.

ఇక డిసెంబరు సంగతి. నలభై బస్తాల వడ్లు వేసుకుని కాలువ గట్టు మీద వస్తున్నాను. కాళ్ల కింద ఎక్కడో టక్కుమంది. పెద్ద చప్పుడేం కాదు, పోకచెక్క కొరికినంత. ముందుకి చూస్తే ఎడమ టైరు రాజాం వైపు, కుడి టైరు పాలకొండ వైపు. నేను చక్రం తిప్పితే ఒక టైరు మాట వింటోంది, రెండోది వినడం మానేసింది. రెండు కాళ్లతో రెండు బ్రేకులూ కలిపి తొక్కాను. వెనక తగిలించిన మా ట్రక్కుకి బ్రేకులుండవు కదా, అందులోని బస్తాలన్నీ కలిసి ఇంకో రెండు గజాలు నెట్టాయి. ఆగేసరికి ముందు టైరు గట్టు అంచు దాటి నీళ్లకేసి చూస్తోంది. నేను మాత్రం ఎటూ చూడలేదు, కళ్లు మూసుకున్నాను.

రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్డు చివర గుండు కీలు ఊడిపోయింది. గుండు అరిగి, గిన్నె అరిగి, ఒకదాన్నొకటి వదిలేశాయి. పైగా ఆ కీలుని బిగించే నట్టుకి, అది ఊడకుండా వేసే స్ప్లిట్ పిన్ను బదులు ఒక వంచిన మేకు. ఆ మేకు అక్కడికి ఎలా వచ్చిందని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనూ వాళ్లతో పాటు చూశాను. కొట్టింది నేనే.

పక్క ఊరి నుంచి ఒక ముసలి మేస్త్రి టీవీఎస్ మీద వచ్చాడు. వచ్చీ రాగానే సంచీ విప్పుతాడనుకుంటే, గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించి అడిగాడు.

"గ్రీజెప్పుడెట్టేవు బావూ?"

"మొన్నే."

"మొన్నంటే?"

"దమ్ములకి ముందు."

"ఏ ఏడాది దమ్ములకి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన పాత కీలు విప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో పైకి లెక్కపెట్టాడు, కొత్తదాన్ని సరిగ్గా అన్నే చుట్లు ఎక్కించాడు. చక్రాల మధ్య కొలత చెడకుండా ఇల్లు చేరడానికి అదీ ఉపాయం. మర్నాడు మా వాకిట్లో మొదలైంది తమరి అసలు వేట.

ఇంజన్ ఆపించాడు. మా గుంటడిని సీటెక్కించి, "ఈసమెత్తు అటు, ఈసమెత్తు ఇటు, అంతే, ఆడిత్తానే ఉండు" అన్నాడు. తను గోనెపట్టా పరుచుకుని ముందు ఇరుసు కింద దూరాడు. ఒక్కో కీలు మీద బొటనవేలు అడ్డంగా పెట్టేవాడు, సగం ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద. కళ్లు మూసుకునేవాడు. రెండు ముక్కలూ కలిసి కదిలితే వేలికి ఏమీ తెలియదు. ముందొకటి కదిలి, ఆగి, రెండోది కదిలితే ఆ సందులో తమరున్నట్టే. బాక్సు నుంచి బయటికొచ్చే డ్రాప్ ఆర్మ్ దగ్గర వేలు పెట్టి "ఇది మంచిదే" అన్నాడు. ఆ ఆర్మ్ నుంచి చక్రం వైపు పోయే కడ్డీ, డ్రాగ్ లింకు, దాని ముందు కొస దగ్గర పెట్టి నవ్వాడు. నన్ను పిలిచి నా వేలు అక్కడ పెట్టించాడు. నిజం చెప్పొద్దూ, పసిపిల్ల నోట్లో ఊగే పాలపన్నులా ఉంది. రెండు వేల ఎనిమిది వందలు పోసి పైన స్క్రూ తిప్పించానే, ఆ రోజు కింద ఈ వేలొక్కటి పెట్టి ఉంటే!

తర్వాత ఇరుసు కింద జాకీ వేసి, చెక్కదిమ్మ అడ్డం పెట్టి, టైరుని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టి ఊపాడు. హబ్ బేరింగులు బాగానే ఉన్నాయి, టైరు అటూ ఇటూ మళ్లే ఇరుసు కొసల్లోని కింగ్ పిన్ బుష్షులు పోయాయి. ఇరుసు మధ్యలో ఉండే సెంటర్ పిన్ దగ్గర కూడా కాస్త. అక్కడ గోరంత, ఇక్కడ గోరంత, మొత్తం కలిపితే పైన జానెడు. మేం మిమ్మల్ని ఒక్కరనుకున్నాం. తమరిది ఉమ్మడి కుటుంబం.

బురద గీకుతూ పోతే గ్రీజు ఎక్కించే నిపుల్స్ బయటపడ్డాయి. నాకు తెలిసినవి మూడు. ఆయన స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఎనిమిది చూపించాడు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఉన్న చుట్టాల్ని మొదటిసారి చూసినట్టయింది. ఏటా ఆషాఢ శ్రావణాల్లో ఇరుసు మునిగేదాకా దమ్ము చేస్తాం. కీళ్ల మీద రబ్బరు తొడుగులు ఎప్పుడో చిరిగిపోయాయి. గ్రీజు నీళ్లలో పోయింది, దాని స్థానంలో ఇసుక చేరింది. ఇసుకకి నూరడం తప్ప వేరే పని తెలియదు. దమ్ముల రోజుల్లో సాయంత్రం బండి కడిగి, పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చేదాకా గన్ను కొట్టాలట. మేం కాలువలో బండి కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టేవాళ్లం.

గట్టు మీద వేసినదానితో కలిపి కీళ్లు నాలుగూ మార్చాడు. బుష్షులు రాజాంలో లేతు దగ్గర వేయించాం. పైన బాక్సు స్క్రూని వదులు చేసి, చక్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే బరువుతో తిరిగేలా పెట్టాడు. చక్రాల మధ్య దూరం ముందువైపు, వెనకవైపు టేపుతో కొలిచి, ముందు కొలత కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా రాడ్డు సర్దాడు. నట్లకి అసలైన స్ప్లిట్ పిన్నులు వేశాడు. మొత్తం 4,200. మేకుని మాత్రం నా చేతిలో పెట్టి, "దాసుకో" అన్నాడు.

"ఇంకా అంగుళం ఆట ఉందేం?" అని అడిగాను. ఉండాలట. అసలు లేకపోతే స్టీరింగ్ పట్టేస్తుందట. కాబట్టి తమరికి అంగుళం మేర నివాసహక్కు ఇచ్చాం. అందులో కాపురం చేసుకోండి.

ఒక్క విన్నపం. తమరు కింది నుంచి వెళ్లిపోయారు గానీ నా చేతుల్లోంచి పోలేదు. నిన్న సాయంత్రం బాగైన బండిని వాకిట్లోంచి బయటికి తీశాను. వీధి మలుపు దగ్గర, ఎప్పటి అలవాటు కొద్దీ, తమరి వాటా కూడా కలిపి జానెడు ఎక్కువే తిప్పాను. బండి ఎన్నడూ లేనిది మొదటి మాటకే విన్నది. వీధి ఇంకా అక్కడే ఉంది, మేమే లేము. చిన్నాన్న కేకలు వినిపిస్తున్నాయి, మేస్త్రి నవ్వూ వినిపిస్తోంది. గడ్డి తీశాక మిగతాది రాస్తాను.

ఇట్లు
తమరి పాత ఆశ్రితుడు
మా చిన్నాన్న గారి గడ్డిమేటు లోపలి నుంచి