ఉలితో పెయింట్ డబ్బా మూత తీసిన మహానుభావుడి గురించి

ఇప్పుడే జరిగింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షరదోషాలుంటే మీరే సర్దుకోండి.

బాల్కనీ గ్రిల్లుకి తెల్ల పెయింటు వేసిపెడతానని మా బావమరిది పొద్దున్నే దిగాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి డబ్బా మూత తీసి ఉంది. పక్కన నా ముప్పావు అంగుళం ఉలి. మూత అంచు కింద దూర్చి పైకి ఎగదన్నాడు. ఒక్క చోట కాదు, డబ్బా చుట్టూ తిప్పుకుంటూ నాలుగు చోట్ల.

"స్క్రూడ్రైవర్ కనబడలేదు బావగారూ. ఇది చేతికందింది."

చేతికందిందట! అది నూనెగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మంచం కింద పెట్టుకున్న ఉలి. మంచం కిందికి దూరి, పెట్టె లాగి, గుడ్డ విప్పి మరీ అందుకున్నాడు. ఆ గుడ్డతోనే చేతులు కూడా తుడుచుకున్నాడు.

పదునైన అంచు వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కనబడదు. మొండిబారిన చోట మాత్రమే తెల్లగా మెరుస్తుంది. నిన్న రాత్రి వరకు నా ఉలికి అంచు ఉందో లేదో తెలిసేది కాదు. ఇప్పుడు రెండు గంట్లు, మధ్యలో ఒక వంపు, దీపావళి మతాబులా మెరిసిపోతోంది. ఈ గంట్లు పోవాలంటే అంచుని అర మిల్లీమీటరు వెనక్కి అరగదీయాలి. మళ్ళీ 25 డిగ్రీల వాలు తేవాలి. తర్వాత వెయ్యి నంబరు రాయి, ఆరువేల నంబరు రాయి, చివర్లో తోలుపట్టీ. అమ్మ పూజకి కూర్చోవడానికి టేకు పీట చేస్తున్నాను. నాలుగు కాళ్ళకి నాలుగు బెజ్జాలు, మూడు అయ్యాయి, ఈరోజు నాలుగోది. దాని బదులు ఇప్పుడు రాయి ముందు కూర్చోవాలి.

"అంత కష్టం దేనికి బావగారూ, గ్రైండర్ మీద పెడితే నిమిషం పని."

ఇదిగో, ఈ నిమిషం పని అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గ్రైండర్ మీద నిమిషం పెడితే అంచు నీలం రంగు తిరుగుతుంది. నీలం తిరిగిందంటే ఉక్కు 300 డిగ్రీల దాకా కాలిందని లెక్క. కాల్చి ముంచి తెచ్చిన గట్టిదనం అక్కడితో సరి. ఆ తర్వాత అది ఉలి కాదు, నిజంగానే పెయింట్ డబ్బాలకి పనికొచ్చే సామాను. అసలే టేకు. ఆ కర్రలో పుట్టుకతోనే సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండే సరుకే, పదును ఊరికే తినేస్తుంది. గంటకోసారి రాయి దగ్గరికి పరిగెత్తాలి. పదును చూసుకోవడానికి ముంజేతి వెంట్రుకలు గీసి గీసి నా ఎడమ చెయ్యి నున్నగా అయిపోయింది. ఆఫీసులో ఒకావిడ పక్కకి పిలిచి "డాక్టర్‌కి చూపించారా" అని మెల్లగా అడిగింది. మా ఆవిడైతే అడగడం కూడా మానేసింది.

రీల్స్ చూస్తున్నారు కదా మీరు కూడా? యాంగిల్ గ్రైండర్‌కి రంపం బ్లేడు తగిలించి, గార్డు పీకేసి, కాళ్ళకి హవాయి చెప్పులు, వెనకాల మాస్ పాట. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు. గది నిండా పొడి. చెక్క పొడి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే మొదటి వర్గంలో రాసి పెట్టింది. మనకి మాస్కు కరోనాతో పాటే వెళ్ళిపోయింది. చిత్రిక పడితే, అంటే చేత్తో తోసే చిత్రికతో చెక్కని నున్నగా గీస్తే, పొడి లేవదు బాబూ, చుట్టలు లేస్తాయి. సన్నగా, అవతల ఏముందో కనబడేంత పల్చగా. కర్రలో నార ఎటు పడుకుని ఉందో చూసుకుని, పిల్లి వీపు నిమిరినట్టు ఆ వైపే తోయాలి. ఎదురు తోశావా, పెచ్చులూడి చేతికి ముల్లు దిగుతుంది. ఆ సంగతి చెయ్యే చెబుతుంది. మెషీనుకి చెప్పినా వినబడదు, దాని గోల దానిది.

చిత్రిక అంటే గుర్తొచ్చింది. మన పుస్తక సమీక్షకులకి ఒక దండం. ప్రతి నవలా ఏదో ఒక బతుకుని "చిత్రిక పడుతుంది" వీళ్ళకి. చిత్రిక పట్టడమంటే బొమ్మ గీయడం అనుకుంటున్నారు కాబోలు. అయ్యా, చిత్రిక పడితే చెక్క తగ్గుతుంది. ఎత్తుపల్లాలు లేచిపోయి నున్నగా అవుతుంది. జీవితాన్ని చిత్రిక పట్టారంటే ఉన్నదంతా గీకి అవతల పారేశారని అర్థం. కొన్ని నవలల విషయంలో అది నిజమే అనుకోండి, అది వేరే సంగతి.

ఎక్కడున్నాం? ఆ, నిమిషం పని.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. కుండ వేరుగా, దండి వేరుగా చేసి అతికించేది కాదు, మొత్తం ఒక్క దుంగలోంచే. అక్కడికి వెళ్ళి చెప్పండి ఈ నిమిషం కబుర్లు. మా వాడితో ఇదే అంటే "మీకేంటి బావగారూ, శని ఆదివారాలు సెలవు, టైంపాస్" అన్నాడు. శనివారం వాడు ఆరు గంటలు ఆన్‌లైన్‌లో క్రికెట్ టీములు కట్టుకుంటాడు. అది మాత్రం స్కిల్.

నాకు పని నేర్పుతున్న ఆచారి గారు డెబ్బై దాటిన మనిషి. మొదటిరోజు వెళితే నన్ను కింది నుంచి పైదాకా చూసి "మా పిల్లలే వద్దన్నారండీ, మీకెందుకు" అన్నారు. ఒక్క విషయం నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా. ఆయన దగ్గర ఎలక్ట్రిక్ చిత్రిక ఉంది. "నా భుజానికి అదే దేవుడండీ" అంటారు. యాభై ఏళ్ళు తోసిన భుజం, ఆయనకి ఆ హక్కుంది. మా బావమరిది భుజానికి ఏమైంది? ఫోన్ తప్ప ఏం ఎత్తాడు?

ఆయన కొడుకు క్యాబ్ నడుపుతాడు. వడ్రంగం చేస్తే పిల్లనివ్వట్లేదట. అదే పని నేను బాల్కనీలో చేస్తే అపార్ట్‌మెంట్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెడతారు. ఇంజనీరు చేస్తే హాబీ, ఆచారి చేస్తే కూలి. ఆ చప్పట్లు కొట్టినాయనే అదే వారం ఆయన దగ్గర గుమ్మం సరిచేయించుకుని రెండు వందలు తగ్గించి ఇచ్చాడు, నా కళ్ళ ముందే. కేంద్రం 2023లో విశ్వకర్మ పథకం పెట్టి 18 వృత్తుల్లో వడ్రంగాన్నీ చేర్చింది, పనిముట్లకి 15 వేలు ఇస్తానంది. మంచిదే, వద్దనను. పిల్లనిచ్చే పథకం మాత్రం ఎవరూ పెట్టలేరు.

సరే, ఇంతదాకా వచ్చాను కాబట్టి అసలు కడుపుమంట కూడా కక్కేస్తాను. ఇది ఈరోజు ఉలి గురించి కాదు.

2018లో ఊళ్ళో అమ్మమ్మ ఇల్లు అమ్మేశాం. అందులో టేకు పందిరి మంచం. అమ్మమ్మ కాపురానికి వచ్చిన ఏడాది చేయించిందట. మధ్యలో ఎప్పుడో గది సగానికి గోడ కట్టి సన్న గుమ్మం పెట్టారు. మంచం ఆ గుమ్మంలోంచి బయటికి రాదు. అటు తిప్పాం, ఇటు తిప్పాం, నిలబెట్టాం. మధ్యాహ్నం లారీ వచ్చి నిలబడింది. సాయానికొచ్చిన ఈ మహానుభావుడే, "ఉండండి బావగారూ, నిమిషం పని" అని కోత మెషీను తెచ్చాడు. మంచం కోళ్ళు, అదే కాళ్ళు, నాలుగూ కోసేశాడు. నాలుగు నిమిషాలు పట్టలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పట్టుకొచ్చి ఇచ్చింది నేనే.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆ చప్పుడుకి చెవులు మూసుకుంది. మెషీను చప్పుడు పడక అనుకున్నాను అప్పుడు.

ఒక కోడు ముక్క మాత్రం ఎందుకో కారులో వేసుకుని తెచ్చుకున్నాను. కోళ్ళని కలిపే పట్టె చివర ఇంకా అందులోనే ఇరుక్కుని ఉంది. మూడేళ్ళు షూ ర్యాక్ పక్కన పడి ఉంది. ఆచారి గారి దగ్గర చేరాక ఒకసారి పట్టుకెళ్ళి చూపించాను. ఆయన చేత్తో తడిమి, ఒకచోట గోటితో వార్నిష్ గీకారు. వార్నిష్ మీద వార్నిష్ పూసి పూసి మూసుకుపోయిన చోట చిన్న నలుచదరం బయటపడింది. కర్ర చీల. దాని మీద కొయ్య సుత్తితో మూడు దెబ్బలు వేశారు, గట్టిగా కూడా కాదు. చీల అవతలి వైపు నుంచి జారి ఆయన ఒళ్ళో పడింది. పట్టె చివర కుసి, అంటే బెజ్జంలో దూరే సన్నటి భాగం, చేత్తో లాగితే వచ్చేసింది.

మంచం మొత్తం అంతే. ఒక్క మేకు లేదు. చీలలు కొడితే పట్టెలు పట్టెలుగా, కోళ్ళు కోళ్ళుగా విడిపోయే మంచం. ఎప్పుడో ఒకరోజు గుమ్మం దాటాల్సి వస్తుందని చేసినాయనకి ముందే తెలుసు. చిన్నప్పుడు అందరం చదువుకున్నాం కదా, దుంగలో చీల పీకి ఇరుక్కున్న కోతి కథ. మమ్మల్ని ఆ కోతితో పోల్చడానికి కూడా లేదు. దానికి చీల పీకాలని తోచింది.

ఆ రోజు ఆచారి గారు నన్నేమీ అనలేదు. "మంచి కర్రండీ" అన్నారంతే. నేను మళ్ళీ ఆదివారం ఉలి కొనుక్కున్నాను. ఈ ఉలే.

ఆ చీల అప్పట్నుంచీ నా టేబుల్ మీద ఉంటుంది. జానెడు తుమ్మ చీల, నల్లగా, పట్టుకుంటే ఇనుములా బరువు. ఎవరినీ ముట్టుకోనివ్వను.

ఇదంతా టైప్ చేసి మంచినీళ్ళకి లేచాను. బాల్కనీలో పెయింటు పని అయిపోయినట్టుంది, మనిషి లేడు, హాల్లో స్కోరు వినబడుతోంది. డబ్బా మూత మళ్ళీ చుట్టూ గట్టిగా బిగించి ఉంది. దేంతో కొట్టి బిగించాడా అని చుట్టూ చూశాను. డబ్బా పక్కనే నేల మీద ఉంది చీల. ఒక చివర తెల్ల పెయింటు, ఇంకా పచ్చిగానే.