కరెంటు పోయాడు

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో సీరియల్స్ తీసే కంపెనీలో పని చేస్తున్నాడు. పోయిన నెల ఒకరోజు ఫోన్ చేశాడు. "బాబాయ్, అప్పట్లో హనుమంతరాయ గ్రంథాలయంలో నువ్వు వేసిన కాసెట్ కొట్టు రాంబాబు నాటకం ఉంది కదా, దాన్ని టీవీకి మార్చిస్తావా? ఒకటే షరతు. రాంబాబు ఆడపిల్ల కావాలి."

బీసెంట్ రోడ్డులో ఒకప్పుడు కాసెట్ కొట్లు ఉండేవి. పాటల లిస్టు కాగితం మీద రాసిస్తే సిక్స్‌టీ కాసెట్‌లో ఇటు అరగంట, అటు అరగంట ఎక్కించి ఇచ్చేవారు. మా రాంబాబు ఒకమ్మాయి తెచ్చే లిస్టులు చూసి ఆమె మనసు చదివేస్తుంటాడు, అన్నీ తప్పుగా. అదీ కథ. విజయవాడ జనం బాగానే నవ్వారు. ఒకాయన నవ్వుతూ నిద్రపోయాడు కూడా.

"ఇదేం కొత్త కాదు బాబాయ్" అని మావాడు ధైర్యం చెప్పాడు. నిక్ హార్న్‌బీ అనే ఆయన 1995లో 'హై ఫిడెలిటీ' అని నవల రాశాడట. లండన్‌లో రికార్డుల కొట్టు నడిపే రాబ్ ప్రేమ గోల అది. 2000లో సినిమాగా తీసినప్పుడు కొట్టుని షికాగోకి మార్చారు. 2020లో పది ఎపిసోడ్ల సిరీస్ చేసినప్పుడు బ్రూక్లిన్‌కి మార్చి, రాబ్‌ని ఏకంగా అమ్మాయిని చేసేశారు. జోయీ క్రావిట్జ్ వేసింది. వాళ్లమ్మ లీసా బోనే ఆ పాత సినిమాలో ఉంది. పేరు మార్చే బాధ కూడా లేదు, రాబ్ అంటే రాబిన్ అని సరిపెట్టేశారు. ఒక్క సీజన్‌తోనే ఆపేశారన్న ముక్క మాత్రం మావాడు చెప్పలేదు. అది తర్వాత నేనే తెలుసుకున్నాను.

ఇంగ్లీషువాళ్లకేం, హీ తీసి షీ పెడితే సగం పని అయిపోయినట్టే. మన భాషలో మగతనం క్రియ తోకలో ఉంటుంది. రాంబాబుని రమ చేశాను సరే, వాడు వచ్చాడు, నవ్వాడు, బస్సెక్కాడు అని అరవై పేజీల నిండా ఉన్న తోకలన్నీ ఎవరు కోస్తారు? మర్నాడు పదకొండింటికి వీడియో కాల్.

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి జాలిపడ్డాడు. "నాన్నా, 'ాడు' ఉన్నచోటల్లా 'ింది' పెట్టమని కంప్యూటర్‌కి చెప్తే చాలు" అని ఒక్క నొక్కు నొక్కాడు. "నవ్వాడు" వెంటనే "నవ్వింది" అయింది. నాకు కళ్లు చెమర్చాయి. కానీ పాటల లిస్టు తెచ్చే అమ్మాయి ఇప్పుడు శేఖర్ అనే అబ్బాయి కదా? ఇంటర్వెల్ తర్వాత కథంతా అతనిదే. అందుకని అక్కణ్ణించి చివరిదాకా తిరగేసి నొక్కించి, పంపించేసి పడుకున్నాను. చదవలేదు. నేను రాసిందే కదా, ఏం చదువుతాం!

మర్నాడు డైరెక్టరు, ఇద్దరు రచయితలు, హీరోయిన్ వేషం వెయ్యబోయే అమ్మాయి తెరమీదకి వచ్చారు. ఆ అమ్మాయి ఎంతో భావంతో మొదలుపెట్టింది.

"రమ కొట్టు తెరిచింది. నాన్న ఈనింది చదువుతున్నింది."

ఈనాడు చదువుతున్న పెద్దమనిషిని గేదెల పాకలోకి తోలేశానని నాకు అర్థమయ్యేలోపు, తమిళనింది నుంచి మామయ్య వచ్చింది. పెళ్లి సీనులో పసుపుతాడు కాస్తా పసుపుతింది అయింది. డైరెక్టరు గడ్డం గోక్కుంటూ, "గుంటూరు యాసా సర్? ఫ్రెష్‌గా ఉంది" అన్నాడు.

మా ఆవిడ పుట్టిల్లు అరండల్‌పేట. కాఫీ ఇవ్వడానికి వచ్చి ఆ మాట వింది. కెమెరాలోకి వంగి, "మా గుంటూర్లో ఎవరూ ఇలా మాట్లాడరండీ. ఇది మా ఆయన సొంత యాస" అనేసి వెళ్లిపోయింది.

ఇంటర్వెల్ అయింది.

"వాన వచ్చాడు. కరెంటు పోయాడు. శేఖర్ గొడుగు విప్పాడు. గొడుగు ఎగిరిపోయాడు. అత్తయ్య ఏడ్చాడు. కాఫీ చల్లారిపోయాడు."

ఆ అమ్మాయి చదవడం ఆపింది. గొంతు నిజంగానే వణుకుతోంది. "సర్, కరెంటు అంటే హీరోయిన్ తమ్ముడా? ఎలా పోయాడు సర్?"

అటువైపు మావాడు ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించేసుకున్నాడు. ఫైలు తప్పు వెళ్లిందని, అసలుది రేపు పంపిస్తానని అబద్ధం ఆడి బయటపడ్డాను.

ఆ రాత్రి పేజీలు చేత్తో దిద్దుతుంటే మా ఆవిడ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. మా నాన్న తెలుగు మాస్టారు. నాకు చిన్నప్పుడు చిన్నయసూరి వ్యాకరణం బలవంతంగా మింగించారు. అందుకని గొప్పగా చెప్పాను: ఏకవచనంలో ఆడవాళ్ల క్రియ పశువులతో, వస్తువులతో కలుస్తుంది, బహువచనంలో మగవాళ్లతో కలుస్తుంది అని.

"అంటే నేనొచ్చినా వచ్చిందే, బస్సొచ్చినా వచ్చిందే. నలుగురం కలిసి వస్తే గానీ మనుషుల్లో లెక్క కాదన్నమాట."

"నేను పెట్టిన రూలు కాదే."

"హీరోయిన్ని చేశారుగా, పాపం 'వచ్చారు' అని రాయండి."

"కాసెట్ కొట్టు పిల్లని పట్టుకుని 'గారు' అంటే కామెడీ ఎక్కడిది?"

ఆవిడ సమాధానం చెప్పలేదు. బఠాణీల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి లోపల్నించి కేక వినపడింది.

"ఏవండీ, గ్యాస్ అయిపోయాడు! లేచి బుక్ చెయ్యండి!"