సముద్రమట్టంలో కొండలు

సముద్రం ఒడ్డున కొండలుండవనే అభిప్రాయం లోకంలో బాగా పాతుకుపోయింది. తప్పు భూగోళం పాఠానిదే. ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచి కొలుస్తారని చిన్నప్పుడే చెప్పేస్తారు కాబట్టి, సున్నా పక్కన వేసిన రోడ్డు కూడా సున్నాగానే ఉంటుందని జనం నమ్మేశారు. కారులో తిరిగేవాళ్లకు ఈ నమ్మకం వల్ల ఏ హానీ లేదు. హాని అంతా సైకిల్‌కు అటూ ఇటూ బ్యాగులు తగిలించుకుని, ‘ఇవాళ తీరం వెంటే కదా, హాయిగా పోవచ్చు’ అని పొద్దున్నే బయల్దేరేవాడికి. ఇంత ముఖ్యమైన విషయం మీద మేధావులెవరూ నోరు విప్పడం లేదు గనక ఆ భారం ఈ వ్యాసం నెత్తిన వేసుకుంటోంది.

ముందు నేల సంగతి. తీరం దగ్గర వాన నీరు ఎక్కడ పడినా చివరికి సముద్రం దారే పడుతుంది. పోతూ పోతూ ప్రతి వాగూ తనకో లోయ తవ్వుకుంటుంది. లోయకీ లోయకీ మధ్య మిగిలిన గుట్ట సముద్రంలోకి పొడుచుకొచ్చి నిలబడుతుంది. ఎత్తయిన వంతెన కట్టాలంటే ఖర్చు కాబట్టి, ఇంజనీరు రోడ్డును వాగు దాకా దించి, చిన్న వంతెనతో దాటించి, అవతలి గుట్ట మీదికి ఎక్కిస్తాడు. మళ్లీ దించుతాడు. మళ్లీ ఎక్కిస్తాడు. ఒక్కో ఎత్తూ వంద మీటర్లే, ఎవరికీ లెక్కలోది కాదు. అలాంటివి పన్నెండు వస్తే యాత్రికుడు ఆ రోజు 1200 మీటర్లు ఎక్కినట్టు. ఇంతా చేసి సాయంత్రానికి అతను ఉన్న ఎత్తెంత? పొద్దున్న ఉన్నంతే.

ఇందులో నొప్పి కన్నా అవమానం ఎక్కువ. పర్వతాల్లో కనుమ ఎక్కినవాడికి పైన ఒక బోర్డు ఉంటుంది. ఇటలీలో 2,757 మీటర్ల స్టెల్వియో కనుమ ఎక్కితే ఎత్తెంతో రాసి ఉంటుంది; దాని పక్కన సైకిల్ నిలబెట్టి ఫొటో దిగితే రాబోయే తరాల వాళ్లు కూడా చూసుకుంటారు. తీరం వెంట ముక్కలు ముక్కలుగా అంత ఎత్తూ ఎక్కినవాడికి బోర్డు లేదు, ఫొటో లేదు. ‘సముద్రం పక్కన తొక్కావటగా, చల్లగా ఉండి ఉంటుందే’ అంటారు ఇంట్లోవాళ్లు.

దూరం సంగతి ఇంకా దారుణం. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దేశాల సరిహద్దుల పొడవులు పోల్చి చూస్తే, ఒకే సరిహద్దుకు ఒక్కో చోట ఒక్కో అంకె కనిపించింది. తేడా అంతా కొలబద్దలో ఉంది. పెద్ద కొలబద్ద చిన్న చిన్న వంకరలను దాటేస్తుంది కాబట్టి తీరం పొట్టిగా తేలుతుంది. కొలబద్ద చిన్నదయ్యే కొద్దీ తీరం పెరుగుతూ పోతుంది. 1967లో బెన్వా మాండెల్‌బ్రో బ్రిటన్ తీరం పొడవెంత అని ప్రశ్న వేసి, దానికి ఒకే ఒక్క జవాబంటూ లేదని తేల్చాడు. గణితంలో ఇది గొప్ప విషయమట. మధ్యాహ్నం మూడింటికి నీళ్ల సీసా ఖాళీ అయ్యాక, మలుపు తిరిగి మరో మలుపును చూసినవాడెవడైనా ఇదే సిద్ధాంతాన్ని ఇంకాస్త ఘాటైన భాషలో చెప్పగలడు. నీటికి అవతల గుట్ట మీద లైట్‌హౌస్ తెల్లగా కనిపిస్తూ ఉంటుంది. పడవకు అది నాలుగు కిలోమీటర్లు, అంతా చుట్టి రావలసిన రోడ్డుకు పదిహేను. గంట తొక్కినా అది అంతే తెల్లగా, అంతే దూరంలో ఉంటుంది. దూరపు కొండలు నునుపు అన్న పెద్దలు తాము ఎక్కి చూశారో లేదో గానీ, ఎవరినో ఒకరిని ఎక్కించి మాత్రం చూసే ఉంటారు.

ఇక ‘సుందర మార్గం’ అనే బిరుదు. ఇది ఏ రోడ్లకు ఇస్తున్నారో పరిశీలిస్తే ఒక సూత్రం బయటపడుతుంది: వేసినవాళ్లు ఎంత అవస్థ పడితే రోడ్డుకు అంత అందం. కాలిఫోర్నియాలో బిగ్ సర్ దగ్గర కొండలు నేరుగా పసిఫిక్‌లోకి దిగుతాయి. వాటి నడుము చెక్కి వేసిన హైవేను 1937లో తెరిచారు. కొండచరియలు విరిగిపడి అది ఇప్పటికీ మాటిమాటికీ మూతపడుతూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ ఓషన్ రోడ్‌ను మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా చాలావరకు చేతి పనిముట్లతోనే తొలిచారు. కొండ లొంగని చోట రోడ్డు ఇరుకు, ఇరుకైన చోట మలుపు, మలుపు అంచున లోయ, లోయ అడుగున కెరటాలు. ఇవన్నీ ఒకేచోట కలిస్తే కారులోవాళ్లు ‘అబ్బా!’ అంటారు. సైకిల్ మీదివాడూ ‘అబ్బా!’ అనే అంటాడు, కారణాలు వేరు.

అసలతను సముద్రాన్ని చూశాడా అన్నది విచారించవలసిన విషయం. ఎక్కేటప్పుడు చూపంతా ముందు చక్రం మీదే. తలెత్తితే ఇంకెంత ఎక్కాలో కనిపిస్తుంది కాబట్టి తెలివైనవాడెవడూ తలెత్తడు. దిగేటప్పుడు చూపు గుంతల మీద, కంకర మీద, చేతులు బ్రేకుల మీద. మిగిలిన కాస్త చదును దగ్గర రెయిలింగు, దాని వెనక పొదలు. వ్యూపాయింట్ దగ్గర ఆగి చూడొచ్చు కదా అంటారా? ఆగితే కార్లలో వచ్చినవాళ్లు సముద్రానికి వీపు పెట్టి ఇతన్ని చూడటం మొదలుపెడతారు. ‘ఎక్కడి నుంచి?’ చెబుతాడు. ‘దీని మీదేనా?’ అంటారు, అతను ఆనుకుని నిలబడ్డ సైకిల్‌ను చూపిస్తూ. అవునంటాడు. ‘ఎందుకండీ?’ అన్నది మూడో ప్రశ్న. దీనికి జవాబు ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. ఎవరో అడిగి మరీ ఫొటో తీసుకుంటారు. అలా పొద్దుగూకేలోగా యాత్రికుడు చాలామంది ఆల్బముల్లో ప్రకృతి దృశ్యంగా చేరిపోతాడు.

గాలి గురించి ఇంకా మొదలుపెట్టలేదు.

గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడికి ఎదురుగా అదే 20 కిలోమీటర్ల గాలి వీస్తే అతని ఒంటికి తగిలేది 40. అదే వేగంతో పోవాలనుకుంటే నిరోధం రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే ఎవరూ అదే వేగంతో పోరు. పన్నెండుకు దిగుతారు, ఆ తర్వాత తిట్లకు దిగుతారు. ‘పోనీలే, తిరిగొచ్చేటప్పుడు వెనకగాలే కదా’ అని ఓదార్చే స్నేహితులు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు కూడికలు నేర్పాలి. 60 కిలోమీటర్లు 12 చొప్పున పోతే 5 గంటలు. అదే 60 వెనకగాలితో 30 చొప్పున వస్తే 2 గంటలు. 12కూ 30కీ సగటు 21 అని కాగితం మీద వస్తుంది గానీ, రోడ్డు మీద 120 కిలోమీటర్లకు 7 గంటలు, అంటే 17 పైచిలుకు. కష్టం అయిదు గంటలుండి సుఖం రెండు గంటల్లో ముగిసిపోయే ఈ ఏర్పాటును సమానత్వం అనడం భావ్యం కాదు.

పైగా వెనకగాలికి కృతజ్ఞత చెప్పేవాళ్లు లేరు. మన వేగంతోనే మన వెనక నుంచి వచ్చే గాలి ఒంటికి తగలనే తగలదు. గాలే లేదనిపిస్తుంది. అప్పుడు మనిషికి తోచే వివరణ ఒక్కటే, నా కాళ్లలో సత్తా పెరిగింది అని. ఎదురుగాలేమో ప్రకృతి దుర్మార్గం, వెనకగాలేమో స్వయంకృషి. సైకిల్ ఎన్నడూ ఎక్కని కొందరు పెద్దల ఉపన్యాసాల్లో కూడా ఈ లెక్కే వినిపిస్తుంది గానీ, మనకెందుకు.

తీరంలో గాలికి టైంటేబుల్ కూడా ఉంది. పగలు నీటి కన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఎండ ముదిరేకొద్దీ ముదురుతూ మధ్యాహ్నానికి అది పూర్తి బాధ్యతలు చేపడుతుంది. యాత్రికుడి కాళ్లు పదవీ విరమణ చేసేదీ అప్పుడే. తెల్లవారుజామునే లేచి, గాలి లేవకముందే సగం దూరం తొక్కెయ్యాలని అందరికీ తెలుసు. టెంటు మడిచి, చైన్‌కు నూనె పెట్టి, ఎక్కడో పెట్టిన గ్లౌజు వెతుక్కుని బయల్దేరేసరికి పదవుతుందని కూడా అందరికీ తెలుసు.

అమెరికా పశ్చిమ తీరంలో యాత్రికులు ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికే తొక్కుతారు. వేసవిలో అక్కడ వాయవ్యం గాలి. కుడిపక్క నడిచే దేశం కాబట్టి సముద్రం కూడా తమ వైపే. గాలీ, ట్రాఫిక్ రూలూ, దృశ్యమూ ఒకే మాట మీద ఉండటం అరుదు. దీవిని చుట్టేవాళ్లకు ఈ సఖ్యత ఉండదు. ఎడమపక్క నడిచే దేశంలో గడియారం ముల్లు దిక్కున, కుడిపక్క నడిచే దేశంలో దానికి ఎదురు దిక్కున తొక్కితేనే సముద్రం పక్కనుంటుంది. కానీ చుట్టంటే చుట్టే, ఎక్కడో ఒకచోట గాలికి ఎదురు తిరగక తప్పదు. అదీగాక, సముద్రం పక్కనుంటే లారీ వచ్చినప్పుడు తప్పుకునేది కూడా దాని వైపే. అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువ దగ్గరవుతాం. అవతలి దిక్కున పోయేవాడు కొండగోడ పక్కన క్షేమంగా, ఏమీ చూడకుండా పోవచ్చు.

జపాన్‌వాళ్లు ఈ విషయంలో మరీ మెత్తబడ్డారు. ఒనోమిచి నుంచి ఇమబరి దాకా దీవులను వంతెనలతో కలుపుతూ పోయే షిమనామి కైడో, సుమారు 70 కిలోమీటర్లు, సైకిళ్లకు దారి తెలిసేలా రోడ్డు మీద నీలిగీత గీశారు. వంతెనల మీదికి ఎక్కే దారులు కూడా నెమ్మదిగా వాలుగా ఉంటాయి. మనిషి దారి తప్పకుండా, ఆయాసపడకుండా, సముద్రాన్ని చూసుకుంటూ పోతే ఇంటికొచ్చి ఏం చెప్పుకుంటాడు? ఈ ధోరణి ప్రబలితే యాత్రాకథనాలు అనే సాహిత్య శాఖే మూతపడుతుంది.

సామాను గురించి కూడా రెండు మాటలు. 1884లో థామస్ స్టీవెన్స్ పెద్ద ముందు చక్రం సైకిల్ మీద శాన్ ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, 1886 డిసెంబరులో యొకొహామాలో ప్రపంచయాత్ర ముగించాడు. బయల్దేరినప్పుడు అతని దగ్గరున్నవి మేజోళ్లు, ఇంకో చొక్కా, టెంటుగానూ పనికొచ్చే వానకోటు, ఒక రివాల్వరు. ఇప్పటి యాత్రికుడు బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడి సగానికి కోస్తాడు. ఆ సగం బ్రష్‌ను పెట్టుకునే బ్యాగులోనే మూడు చార్జర్లు, రెండు పవర్‌బ్యాంకులు, మడత కుర్చీ. రివాల్వరు మాత్రం మానేశారు. ఎదురుగాలి మీద అది పనిచెయ్యదని తేలి ఉంటుంది.

ఉప్పుగాలి చైన్‌ను తింటుంది, సీటు మనిషిని తింటుంది, మనిషి దొరికిందల్లా తింటాడు. అక్కడితో ఆహార చక్రం పూర్తి.

సాయంత్రం కావస్తుండగా ఎదురుగా ఇంకో యాత్రికుడు వస్తాడు. ఇద్దరూ ఆగుతారు, ఆగడానికి వంక దొరికినందుకు ఇద్దరికీ సంతోషమే. ‘ఎదురుగాలి చంపేసిందండీ’ అంటాడతను. ‘నన్నూ అంతే’ అంటాడు మనవాడు. పక్కన కారాపుకుని నిలబడ్డ పెద్దమనిషి లోలోపల నవ్వుకుంటాడు, ఎదురెదురుగా వచ్చిన ఇద్దరికీ గాలి ఎదురెలా అవుతుంది, ఒకరు కోస్తున్నారు అని. పెద్దమనిషికి సైన్సు రాదు. సముద్రం నుంచి నేల మీదికి వచ్చే గాలి తీరం వెంట పోయేవాడికి పక్క నుంచి తగులుతుంది. గంటకు 20 కిలోమీటర్లు పోతున్నవాడికి సరిగ్గా పక్క నుంచి 20 కిలోమీటర్ల గాలి వీస్తే, అతని వేగం కూడా కలిసి అది ఏటవాలుగా ముందు నుంచి తగులుతుంది, ముందుకు పోనివ్వని నిరోధం 40 శాతం దాకా పెరుగుతుంది. అటు పోయినా అంతే, ఇటు పోయినా అంతే. ఇద్దరి ఫిర్యాదూ న్యాయమైనదే, ఏ కోర్టుకైనా పోవచ్చు.

‘ముందు దారెలా ఉందండీ?’ అని అడుగుతాడు మనవాడు.

‘ఏముంది, అంతా చదునే. మీరొచ్చిన వైపు?’

‘అదీ అంతే. చిన్న చిన్న ఎత్తులు ఒకటో రెండో.’

ఇందులో అబద్ధం కూడా లేదు. అతను ఇప్పుడే దిగొచ్చింది మనవాడు ఎక్కాలి, మనవాడు దిగొచ్చింది అతను ఎక్కాలి; దిగి వచ్చినవాడికి కొండ గుర్తుండదు. ఒకరి బ్యాగులను ఒకరు మెచ్చుకుంటారు, పెద్దమనిషి చేత ఒక ఫొటో తీయించుకుంటారు. తర్వాత చెరో దిక్కుకూ తిరిగి, ఇంకా పెడల్ తొక్కకముందే, ఇద్దరూ ఎందుకైనా మంచిదని అన్నింటికన్నా తేలిక గేరులోకి మార్చుకుంటారు.