సీమ కప్పలకు ఎండ ఎంతవరకు కాపలా?

అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసిన రైతుకు శిలీంధ్రం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. తిక్క ఆకుమచ్చ తెగులు పడిన చేను పది పదిహేను రోజుల్లో ఆకు రాల్చి ఎలా మోడవుతుందో అతను కళ్లారా చూసినవాడే. సరిగ్గా అలాంటి తెగులు ఒకటి గత అర్ధ శతాబ్దంగా ప్రపంచంలోని కప్పల మీద పడింది. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం దీనివల్ల కనీసం 501 ఉభయచర జాతుల సంఖ్య తగ్గిపోయింది, వాటిలో 90 జాతులు అడవుల్లో పూర్తిగా అంతరించినట్టే భావిస్తున్నారు. ఒకే ఒక్క రోగం ఇన్ని జీవజాతులను దెబ్బతీసిన సందర్భం మరొకటి నమోదు కాలేదు. అయినా రాయలసీమలో కరువు గురించి, పంట గురించి ఇంత మాట్లాడుకునే మనం ఈ తెగులు గురించి మాట్లాడుకోవడం లేదు. దీనికి కారణం మన దగ్గర అది లేకపోవడమా, ఉన్నదో లేదో ఎవరూ చూడకపోవడమా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఈ శిలీంధ్రం పేరు బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్. ఇది చంపే తీరు తెలిస్తేనే మిగతా చర్చ అర్థమవుతుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు. చర్మంతోనే తాగుతుంది, ఊపిరిలో కొంత భాగాన్ని, ఒంట్లోని లవణాల లెక్కను కూడా చర్మంతోనే నడుపుకుంటుంది. ఈ శిలీంధ్రం ఆ చర్మపు పైపొరలోని కెరాటిన్ (గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే గట్టి ప్రొటీన్) ఉన్న కణాల్లో కాపురం పెట్టి, అక్కడే సంచులు కట్టి, ఒక్కో తోకతో ఈదే సూక్ష్మమైన బీజాలను నీళ్లలోకి వదులుతుంది. పంట తెగులు గాలిలో పాకితే ఇది తడిలో పాకుతుంది. చర్మం మందమైపోయాక సోడియం, పొటాషియం లోపలికి తీసుకునే పని కుంటుపడి, రక్తంలో వాటి పాళ్లు పడిపోయి, చివరకు గుండె ఆగిపోతుందని ఆస్ట్రేలియా పచ్చ చెట్టుకప్పల మీద చేసిన పరిశోధన 2009లో తేల్చింది. ఇందులో మనల్ని మోసం చేసే సంగతి ఒకటుంది. తోకకప్పలకు, అంటే కాళ్లు రాని కప్ప పిల్లలకు, కెరాటిన్ నోటి దగ్గర మాత్రమే ఉంటుంది కాబట్టి అవి శిలీంధ్రాన్ని మోస్తూ కూడా బతికేస్తాయి. కాళ్లు వచ్చి, చర్మం ముదిరి, గట్టెక్కే రోజుల్లో చస్తాయి. కాబట్టి కుంటలో తోకకప్పలు కిటకిటలాడుతున్నాయి గనుక అంతా బాగానే ఉందనుకోవడానికి వీల్లేదు.

ఆస్ట్రేలియా, మధ్య అమెరికా అడవుల్లో కప్పలు మాయమవుతున్న సంగతి 1970, 80 దశకాల్లోనే కనిపించినా, కారణం 1998లో గానీ దొరకలేదు. మరుసటి ఏడాది దానికి పేరు పెట్టారు. దాని పుట్టిల్లు తూర్పు ఆసియా అనీ, కొరియా ద్వీపకల్పంలో దాని పాత వంశాలు ఎక్కువగా కనిపిస్తున్నాయనీ, ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో ప్రపంచంలోకి పాకిందనీ 2018 నాటి జన్యు అధ్యయనం చెప్పింది. తనంతట తాను సముద్రాలు దాటలేని ఈ శిలీంధ్రాన్ని దాటించినవాళ్లు మనుషులే. మాంసం కోసం, పెంపకం కోసం, ఒకప్పుడు గర్భ నిర్ధారణ పరీక్షల కోసం కూడా బతికున్న కప్పలను ఓడల్లోనూ విమానాల్లోనూ తిప్పారు. మన దేశం కూడా 1987లో నిషేధించేదాకా కప్ప కాళ్లను టన్నులకొద్దీ విదేశాలకు పంపింది.

భారతదేశంలో ఈ శిలీంధ్రం ఉంది. పశ్చిమ కనుమల కప్పల్లో ఉన్నట్టు 2011లో తొలి నివేదిక వచ్చింది. ఆ తర్వాత ఇతర ప్రాంతాల్లోనూ దొరికింది. అయితే మధ్య అమెరికాలోని పనామాలో జరిగినట్టు కప్పలు గుట్టలుగా చచ్చిన దాఖలా ఇక్కడ లేదు. ఆసియా కప్పలు ఆ శిలీంధ్రపు పాత వంశాలతో తరతరాలుగా సహజీవనం చేసి ఉండటం దీనికి ఒక కారణం కావచ్చు. రెండో కారణంగా చెప్పేది ఎండ. ఈ శిలీంధ్రం 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, 28 డిగ్రీలు దాటితే నీరసిస్తుంది, 30 దాటాక బతకడం కష్టం. సోకిన చెట్టుకప్పలను 37 డిగ్రీల వేడిలో 16 గంటల లోపే ఉంచితే రోగం వదిలిన ప్రయోగం ఆస్ట్రేలియాలోనే జరిగింది. అక్కడే ఇటుకల రంధ్రాలను ఎండకు వేడెక్కేలా అమర్చి కప్పలకు వేడి గూళ్లు కట్టిచ్చిన అధ్యయనాన్ని 2024లో ‘నేచర్’ ప్రచురించింది. మేలో 43 డిగ్రీలు చూసే కర్నూలుకు ఇక భయమేమిటని ఎవరైనా అడగవచ్చు.

ఆ ధీమా సగమే నిజమని నా అభిప్రాయం. వాతావరణ కేంద్రం కొలిచే ఎండ కప్ప ఒంటికి తగిలే ఎండ కాదు. మన మెట్టభూముల్లోని కప్పల్లో చాలా జాతులు వేసవి అంతా మట్టిలోపల దాక్కునే గడుపుతాయి, పైన నేల పెటపెటలాడుతున్నా అడుగున ఆ తాపం ఉండదు. ఇక కడప జిల్లా సంగతి చూస్తే, ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, చలి కలిసి వస్తాయి. తడి ఉండి, రాత్రి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉండే ఆ రోజులు ఈ శిలీంధ్రానికి అనువైనవే. నల్లమలలోనూ శేషాచలంలోనూ చెట్ల నీడన పారే సెలయేళ్లు ఏడాదిలో చాలా నెలలు చల్లగానే ఉంటాయి. శ్రీలంకలో మాత్రమే ఉందనుకున్న ఒక పొద కప్పను జూలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు ఈ మధ్యే శేషాచలంలో గుర్తించారు. అంత దగ్గరగా ఉన్న కొండల్లో ఏ జాతులున్నాయో ఇప్పుడిప్పుడే తెలుస్తోందంటే, వాటి రోగాల లెక్క ఎక్కడ ఉంటుంది?

ఇంకొక మార్పు మన కళ్లముందే జరిగింది. సీమ చెరువులకు ఎండిపోవడం అలవాటు. ఎండిన చెరువులో ఈదే బీజాలు బతకవు. 2012లో హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరాక, శ్రీశైలం నీళ్లు అనంతపురం పల్లెల దాకా వస్తున్నాయి. ఈ నీళ్లు రావడం మాకు పండగే, దానికి వంక పెట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఒకప్పుడు వేరువేరుగా ఎండిపోయే కుంటలు ఇప్పుడు కాలువలతో కలిసి, కొన్నిచోట్ల వేసవిలోనూ నిండుగా ఉంటున్నాయంటే, నీటిలో పాకే రోగానికి కొత్త దారులు పడ్డట్టే. ఈ దారుల్లో రోగం ప్రయాణించిందని చెప్పడానికి ఆధారం లేదు, ప్రయాణించలేదని చెప్పడానికి పరీక్షలూ చూపలేం.

కప్ప పోతే మనిషికేమిటన్న ప్రశ్నకు పనామా, కోస్టారికాలు సమాధానం ఇచ్చాయి. కప్పలు కూలిపోయిన ప్రాంతాల్లో ఆ తర్వాత కొన్నేళ్లపాటు మలేరియా కేసులు పెరిగాయని 2022లో ప్రచురితమైన అధ్యయనం లెక్క తేల్చింది. కప్పలూ తోకకప్పలూ లేకపోతే దోమ పిల్లలను తినేవాళ్లు తగ్గినట్టే. మన చేలలోనైతే తొలకరి వానకే వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు తల్లి రెక్కల పురుగులు నేల చీల్చుకుని లేస్తాయి. అదే రాత్రి కప్పలూ లేస్తాయి. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకునే ఆచారం మన పల్లెల్లో ఉన్నది ఊరికే కాదు. నిజానికి ఆ ఆచారంలో కప్పకు కలిగే బాధ నాకు ఇష్టం లేదు. అయినా వానకూ కప్పకూ చేనుకూ ముడి ఉందని ఆ పెద్దలకు తెలుసు.

ఏం చేయాలన్నది ఆలోచించేటప్పుడు పనామాలోని ఎల్ కోపె గుర్తొస్తుంది. రోగం అటుగా వస్తోందని పసిగట్టిన పరిశోధకులు అక్కడి కప్పలను ముందునుంచే ఏళ్లతరబడి లెక్కిస్తూ వచ్చారు. 2004లో రోగం చేరింది. అంతకుముందు లెక్క ఉంది కాబట్టే 30 జాతులు పోయాయని చెప్పగలిగారు. దాచిన కణజాలాన్ని తర్వాత పరీక్షిస్తే, వాటిలో కొన్ని శాస్త్రం పేరు పెట్టకముందే పోయిన జాతులని తేలింది. సీమలో అలాంటి నష్టం జరిగితే మనం ఏ పుస్తకం తీసి చూసుకుంటాం? ఊళ్లో ముసలివాళ్లు ‘మునుపు బావురుకప్పల గోలకు నిద్ర పట్టేది కాదు’ అంటారు. అది విలువైన సాక్ష్యమే గానీ, అంకె కాదు. కప్పలు తగ్గడానికి పురుగుమందులు, రోడ్లు, పూడిపోయిన కుంటలు కూడా కారణాలే. అంకెలు లేనప్పుడు వీటిలో ఏది ఎంత అన్నది విడదీయలేం.

ఇది కోట్లు అడిగే పని కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు మన దేశంలోని రకాలను పట్టుకోగల కొత్త పరీక్షను ఇటీవల రూపొందించారు. కప్పను చంపనక్కర్లేదు, దూదిపుల్లతో చర్మం తుడిచి పంపితే చాలు. కర్నూలు, అనంతపురం, కడపల్లోని విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాలు, అటవీ శాఖ కలిసి బుక్కరాయసముద్రం, శింగనమల లాంటి చెరువుల దగ్గర, నల్లమల, లంకమల సెలయేళ్ల దగ్గర ఏడాదికి రెండుసార్లు, తొలకరిలో ఒకసారి, నవంబరులో ఒకసారి నమూనాలు తీస్తే మూడేళ్లలో మొదటి లెక్క చేతికి వస్తుంది. అరుపులను ఫోనులో రికార్డు చేసే పని డిగ్రీ విద్యార్థులే చేయగలరు. కడప జిల్లాలో అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికింది, స్థానికులకు దాని జాడ తెలియడం వల్లే. కప్పల విషయంలోనూ పశువుల కాపరుల మాట ముందు వినాలి.

ఈ శిలీంధ్రం మనుషులకు సోకదు, కాబట్టి ఊరివాళ్లను భయపెట్టే ప్రకటనలు అక్కర్లేదు. పట్టపగలు ఆరుబయట కాళ్లు చాపుకుని, తాకినా ఎగరని కప్పలు, ఒకేచోట చచ్చిన నాలుగైదు కప్పలు కనిపిస్తే ఫొటో తీసి అటవీ సిబ్బందికి చెప్పాలి. ఒక చెరువు కప్పలను, చేపపిల్లల నీళ్లను మరో చెరువులో వదలకూడదు. సెలయేళ్ల దగ్గరకు వెళ్లొచ్చిన బూట్లనూ వలలనూ మన ఎండలో బాగా ఎండబెట్టాకే ఇంకో నీటి దగ్గరకు తీసుకెళ్లాలి.