డిస్నీల్యాండ్ పెద్దవాళ్ళకి దండగా?

అమ్మా నాన్నా ఇక్కడికి రావడానికి పది రోజుల ముందు అమ్మ ఒక వాట్సాప్ మెసేజ్ పంపింది. "అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు ముఖ్య గమనిక" అని మొదలై, చివర్న మూడు దండాల బొమ్మలతో ముగుస్తుంది. ఆ తర్వాత అదే మెసేజ్ నాకు ఇంకో మూడు గ్రూపుల్లో తగిలింది, కాబట్టి మీకూ వచ్చే ఉంటుంది. అందులో చెప్పింది ఇదీ: పిల్లలు మొహమాటపెట్టినా కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌కి వెళ్ళకండి. అది పిల్లల పార్కు, రైడ్లు ఎక్కలేనివాళ్ళకి టికెట్ దండగ. అంతా అట్టముక్కల సెట్టింగు, అసలైన వస్తువు ఒక్కటీ ఉండదు, రామోజీ ఫిల్మ్ సిటీ చూసినవాళ్ళకి అక్కడ కొత్తేమీ లేదు. కూర్చోడానికి చోటుండదు, చెవులు చిల్లులు పడతాయి. చూడదగ్గ రహస్యాలు ఉన్నాయి గానీ (ఇక్కడ ఓ పెద్ద జాబితా) అవి మామూలు జనానికి చూపించరు, వేల డాలర్లు పెట్టి గైడ్‌ని పెట్టుకుంటేనే.

అమ్మ కింద ఒక్క ముక్క రాసింది: "మనకెందుకులే."

నేను డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్‌కి అరగంట దూరంలో ఉంటాను. ఆ పార్కుకి చాలాసార్లు వెళ్ళాను, అందులో సగంసార్లు ఒక్క పెద్ద రైడ్ కూడా ఎక్కలేదు. అమ్మానాన్నలు వచ్చాక వాళ్ళనీ తీసుకెళ్ళాను. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తాను.

"పిల్లల పార్కు, రైడ్లు ఎక్కలేకపోతే దండగ"

టికెట్ వంద డాలర్ల పైమాటే. దాన్ని మనసులో రూపాయల్లోకి మార్చుకుని ఉలిక్కిపడటం సహజం, నేనూ పడతాను. కానీ పెద్దవాళ్ళు వస్తారని ఆలోచించకుండా కట్టిన చోటు కాదది. గేటు దాటగానే మెయిన్ స్ట్రీట్ ఉంటుంది. నూటపాతికేళ్ళ కిందటి అమెరికా చిన్నపట్నం వీధి అనుకోండి. జనం ఆ వీధిని ఐదు నిమిషాల్లో దాటేసి రైడ్ల వైపు పరుగెత్తుతారు. ఒక్కసారి తలెత్తి మేడమీది కిటికీలు చూడండి. అద్దాల మీద దర్జీలు, కాంట్రాక్టర్లు, సంగీతం మాస్టార్లు అంటూ దుకాణాల పేర్లు ఉంటాయి. ఆ దుకాణాలు ఉత్తుత్తివే, మనుషులు మాత్రం నిజం. పార్కు గీసినవాళ్ళు, కట్టినవాళ్ళు, నడిపినవాళ్ళు. సినిమా చివర వచ్చే పేర్లని వీధి మీద రాసిపెట్టినట్టు. ఎంపోరియం అనే పెద్ద దుకాణం పైన "ఎలియాస్ డిస్నీ, కాంట్రాక్టర్, 1895" అని ఉంటుంది. ఆయన ఈ పార్కు కట్టించిన వాల్ట్ డిస్నీ తండ్రి, నిజంగానే వడ్రంగం పనిచేసి ఇళ్ళు కట్టినాయన.

వీధి మొదట్లోనే ఫైర్‌స్టేషన్ ఉంది. దాని మేడ మీద వాల్ట్ డిస్నీ కుటుంబం అప్పుడప్పుడూ ఉండటానికి చిన్న వాటా ఒకటి కట్టుకున్నారు. ఆ కిటికీలో దీపం ఇప్పటికీ వెలిగిస్తారు. అమ్మకి రోజు మొత్తంలో బాగా నచ్చింది అదే. "మనమూ అంతే కదే, పోయినవాళ్ళ గదిలో దీపం ఆర్పం" అంది. ఈ మాట పిల్లలకి అర్థమయ్యేదా?

"అంతా అట్టముక్కల సెట్టింగు"

ఇందులో సగం నిజం ఉంది, అది ముందే ఒప్పుకుంటాను. ఆ పార్కుని గీసిన వాళ్ళలో చాలామంది సినిమా ఆర్ట్ డైరెక్టర్లే. మెయిన్ స్ట్రీట్‌లో పై అంతస్తులు కింది అంతస్తుల కన్నా పొట్టిగా కట్టారు, మేడలు ఉన్నదాని కన్నా ఎత్తుగా కనపడాలని. ఆకాశాన్ని అంటినట్టుండే కోట ఎత్తు 77 అడుగులు, మన ఊళ్ళలో ఏడంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. పైకి పోయేకొద్దీ రాళ్ళ సైజు తగ్గించి కళ్ళని మోసం చేశారు. దీన్ని సెట్టింగు అంటే నాకేం అభ్యంతరం లేదు.

కానీ మెసేజ్ రాసినాయన "అసలైన వస్తువు ఒక్కటీ ఉండదు" అన్నాడు చూడండి, అక్కడ దొరికిపోయాడు.

పార్కులో అడ్వెంచర్‌ల్యాండ్ అనే భాగంలో, జంగిల్ క్రూజ్ అనే పడవ రైడ్ పక్కన ఒక ముసలి ఖర్జూర జాతి చెట్టు ఉంది. 1955లో పార్కు తెరవక ముందు ఈ నేల ఎక్కువగా నారింజ తోటలు. స్థలం అమ్మిన కుటుంబాల్లో డొమింగెజ్ వాళ్ళు ఒకరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పెళ్ళి కానుకగా వచ్చి ఇంటిముందు నాటుకున్న చెట్టది, కొట్టొద్దని అడిగారు. కొట్టలేదు. ఆ ఇంటి కుర్రాడు రాన్ డొమింగెజ్ పార్కు తెరిచినప్పుడు టికెట్లు చించే పనిలో చేరి చివరికి వైస్ ప్రెసిడెంట్ దాకా ఎదిగాడు. పొలం అమ్ముకున్నవాడు ఆ పొలంలోనే ఉద్యోగం చేయడం మనకి తెలిసిన కథే, కాకపోతే ఇది సుఖాంతం. చెట్టు చుట్టూ ఎప్పుడూ జనమే, దాన్ని చూసేవాళ్ళు మాత్రం లేరు.

ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో నది ఒడ్డున రాయిగా మారిపోయిన చెట్టు మొదలు ఒకటి ఉంది. కోట్ల సంవత్సరాల నాటిది. 1956లో కొలరాడోలో కొని, పెళ్ళిరోజు కానుకగా భార్య లిలియన్‌కి ఇచ్చాడు వాల్ట్ డిస్నీ. ఐదు టన్నుల రాయిని ఏ ఇల్లాలు హాల్లో పెట్టుకుంటుంది? మరుసటి ఏడాది ఆవిడ దాన్ని పార్కుకి ఇచ్చేసింది. ఫలకం మీద ఆవిడ పేరే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే మెయిన్ స్ట్రీట్ గ్యాస్ దీపాలు బాల్టిమోర్ నగర వీధుల నుంచి వచ్చిన పాత దీపాలు, ఇప్పటికీ గ్యాస్‌తోనే వెలుగుతాయి. ఫాంటసీల్యాండ్ రంగులరాట్నం 1922లో తయారైంది, ఆ గుర్రాలు చేత్తో చెక్కినవి.

ఇక రైలు. మా నాన్న బిట్రగుంటలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా ఉద్యోగం మొదలుపెట్టినాయన. అక్కడి స్టీమ్ షెడ్డు గురించి చెప్పడం మొదలుపెడితే భోజనం చల్లారిపోవాల్సిందే. పార్కు చుట్టూ తిరిగే రైలుని చూసి "లోపల మోటారుంటుంది, పొగ గొట్టం బొమ్మది" అని తేల్చేశాడు. ప్లాట్‌ఫాం మీద ఇంజను దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. వేడి మొహానికి తగిలింది, సిలిండర్ పక్కనుంచి ఆవిరి బుస్సుమంది. నాన్న ఒక అడుగు వెనక్కేసి, "ఇది నిజం బండేనమ్మా" అన్నాడు. నిజం బండే. అక్కడున్న ఐదు ఇంజన్లలో రెండు మాత్రమే డిస్నీ వాళ్ళు చేయించుకున్నవి. మిగతా మూడూ బాల్డ్విన్ కంపెనీ పాత ఇంజన్లు. వాటిలో ఒకటి 1894 నాటిది, లూసియానాలో చెరుకు మోసింది. బొగ్గు వాడరు, కానీ బాయిలరు, ఆవిరి, డ్రైవరు, ఫైర్‌మన్ అన్నీ అసలే.

"కూర్చోడానికి చోటుండదు, చెవులు చిల్లులు పడతాయి"

క్రిస్మస్ సెలవుల్లో వెళ్తే నిజమే, నేనూ వాదించను. మామూలు వారం మధ్యలో, పొద్దున తెరవగానే వెళ్తే మాత్రం కాదు. కోటకి కుడివైపు నీళ్ళ పక్కన సన్నటి దారి ఉంది. అందరూ కోట మధ్యలోంచి దూరిపోతారు కాబట్టి అది ఖాళీగానే ఉంటుంది. అక్కడ చిన్న జలపాతం మీద స్నోవైట్, ఏడుగురు మరుగుజ్జుల బొమ్మలున్నాయి. మొదట ఇటలీ నుంచి వచ్చిన పాలరాతి బొమ్మల్లో స్నోవైట్ కూడా మరుగుజ్జుల సైజులోనే ఉంది. ఏం చేయాలో తోచని పరిస్థితిలో జాన్ హెంచ్ అనే డిజైనర్ ఆమెని అన్నిటికన్నా పైన, దూరంగా నిలబెట్టాడు. దూరంగా ఉంది కాబట్టి చిన్నగా ఉందని మన కన్ను సర్దుకుంటుంది. తప్పుని దాచిన తీరు తెలిశాక నాకా చోటు మరీ నచ్చింది.

ఒక మూల మాత్రం పోయింది. పార్కులోని న్యూ ఆర్లీన్స్ స్క్వేర్‌లో మెలికల మెట్లున్న చిన్న ముంగిలి ఒకటి ఉండేది, కోర్ట్ ఆఫ్ ఏంజెల్స్ అని. 2013లో దాన్ని సభ్యులకి మాత్రమే ప్రవేశమున్న క్లబ్బులో కలిపేశారు. ఆ విషయంలో మెసేజ్ రాసినాయనకన్నా నాకే ఎక్కువ కోపం.

అయినా ఆ స్క్వేర్‌లోనే రైల్వే స్టేషన్ ఉంది, నీడ ఉంది, బెంచీలున్నాయి. మోకాలు పట్టేస్తే నాన్నని అక్కడ కూర్చోబెట్టి అమ్మా నేనూ కాఫీకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని, వేలితో తొడ మీద కొట్టుకుంటున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాం. పట్టాలకి అటువైపున్న పాత టెలిగ్రాఫ్ ఆఫీసు గదిలోంచి, సౌండర్ అనే టెలిగ్రాఫ్ యంత్రం చేసే టకటక శబ్దం వస్తోంది. ఉత్త సౌండ్ ఎఫెక్ట్ అనే నేనూ ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"వాడేందో చెప్తున్నాడమ్మా. కానీ మా కోడ్ కాదిది. వాళ్ళ ఎఫ్ మా ఆర్ లాగా ఉంది." కాసేపాగి, "ఏజ్. ఏ, జీ, ఈ. అదొక్కటే దొరికింది" అన్నాడు.

ఆయనకి ఆ మాట ఎలా దొరికిందో ఇంటికెళ్ళి చూస్తే తెలిసింది. టెలిగ్రాఫ్‌లో అక్షరాల్ని చుక్కలూ గీతలుగా పంపే కోడ్‌ని మోర్స్ అంటారు. అమెరికా రైల్వేల్లో వాడింది పాత అమెరికన్ మోర్స్. మిగతా ప్రపంచం వాడిన అంతర్జాతీయ మోర్స్‌కీ దానికీ పదకొండు అక్షరాల్లో తేడా ఉంది. ఎల్ అంటే అక్కడ ఒక్క పొడుగు గీత, ఓ అంటే మధ్యలో ఖాళీ ఉన్న రెండు చుక్కలు. ఏ, జీ, ఈ మాత్రం రెండిట్లోనూ ఒకటే. ఆ తీగ మీద వినిపించేది 1955 జులై 17న పార్కు తెరుస్తూ వాల్ట్ డిస్నీ చదివిన నాలుగు మాటల మొదటి వాక్యాలు. గేటు లోపల జెండా కర్ర కింద ఫలకం మీద కూడా అవే ఉంటాయి: రండి, ఇక్కడ వయసు మళ్ళినవాళ్ళు తమ పాత తీపి జ్ఞాపకాల్లోకి మళ్ళీ వెళ్తారు, కుర్రవాళ్ళు రేపటి రుచి చూస్తారు. నాన్న పట్టుకున్న "ఏజ్" ఆ వయసే. మన దేశంలో టెలిగ్రామే 2013 జులైలో ఆగిపోయింది. ఇక్కడ ఒక పార్కు స్టేషన్‌లో అది రోజంతా ముసలివాళ్ళని పిలుస్తూ కొట్టుకుంటోంది. వినడానికి కూర్చునేవాళ్ళే తక్కువ.

"అసలు రహస్యాలు ఇవీ..."

మెసేజ్‌లో ఇదే పెద్ద భాగం, ఇదే చెత్త భాగం కూడా. వాల్ట్ డిస్నీ శవాన్ని ఐసులో పెట్టి పైరేట్స్ రైడ్ కింద దాచారట. ఆయన 1966 డిసెంబర్ 15న పోయాడు, దహనం చేశారు, అస్థికలు గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో ఉన్నాయి. మనిషి శవాన్ని అలా గడ్డకట్టించి దాచడం మొదటిసారి జరిగిందే మరుసటి నెలలో, 1967 జనవరిలో, అదీ వేరే మనిషికి. రెండు వార్తలూ జనం నోళ్ళలో కలిసిపోయి ఉంటాయి.

పార్కు కింద సొరంగాల ఊరే ఉందట. ఉంది, కానీ ఇక్కడ కాదు, ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ అనే ఇంకో డిస్నీ పార్కులో. అది కూడా అసలు సొరంగం కాదు. అక్కడ తవ్వితే నీళ్ళు పడతాయని నేలమీదే దారులు కట్టి, మట్టి నింపి, పార్కుని పై అంతస్తులో పెట్టారు. ఈ పార్కులోని మాటర్‌హార్న్ అనే కట్టుడు కొండ లోపల బాస్కెట్‌బాల్ బుట్ట ఉన్నమాట నిజమే, సిబ్బంది ఖాళీ టైములో ఆడుకోడానికి పెట్టుకున్నారు. అంత ఎత్తు కట్టడానికి ఆటస్థలం పేరుతో పర్మిషన్ తెచ్చుకున్నారన్నది మాత్రం ఎవరో అల్లిన కథ. ఇక తల, రెండు చెవుల్లాగా మూడు సున్నాలు కలిసిన చోటల్లా మిక్కీ మౌస్ దాగుందంటే మా వంటింట్లో రెండు చిన్న గిన్నెలూ ఒక మూకుడూ కూడా రహస్యమే.

"గైడ్ లేకపోతే ఏమీ కనపడదు"

పైన చెప్పినవన్నీ మామూలు టికెట్‌తో చూసినవే. ఒక్కటి చేర్చి వదిలేస్తాను. మెయిన్ స్ట్రీట్‌లో మార్కెట్ హౌస్ అనే దుకాణం ఇప్పుడు స్టార్‌బక్స్ అయింది. అక్కడ గోడకి పాతకాలం ఫోన్లు వేలాడుతుంటాయి. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుంటే ఎవరో ఇద్దరు మాట్లాడుకోవడం వినిపిస్తుంది. ఒకే లైను నలుగురు పంచుకునే రోజుల్లో పక్కింటివాళ్ళ మాటలు వినేవాళ్ళు కదా, అదన్నమాట. కాఫీ కోసం క్యూలో ఉన్న జనమంతా సొంత ఫోన్లలోకి చూస్తుంటే అమ్మ మాత్రం ఆ ఫోను వదల్లేదు. ఇంగ్లీషు సగమే అర్థమైందట. "ఎవరి కోడలి గురించో" అంది.

వారం తర్వాత మెసేజ్ మళ్ళీ వచ్చింది, ఈసారి రిటైర్డ్ రైల్వే వాళ్ళ గ్రూపులో. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, పావుగంట కష్టపడి టైపు చేసి జవాబు పెట్టాడు: "స్టేషన్ బెంచీ బాగున్నది. సౌండర్ పనిచేస్తున్నది. కోడ్ చార్టు వెంట తీసుకుపోగలరు."